ఊడవడానికి వచ్చి చిక్కుకుపోయిన కణాలు

గుండెలో బ్లాకులు ఉన్నాయని డాక్టరు చెప్పగానే చాలామందికి నీళ్ల పైపు గుర్తొస్తుంది. లోపల జిడ్డు పేరుకుంది, దారి సన్నబడింది, ఇంకాస్త పేరుకుంటే మూసుకుపోతుంది. ఇలా అనుకోవడంలో ఒక పెద్ద పొరపాటుంది. ఆ కొవ్వు రక్తం పారే బోలులో అంటుకుని ఉండదు. ధమని గోడలోకి దిగి, రక్తానికి తగిలే లోపలి పొర కింద చేరుతుంది. పైపు గోడకు ప్రాణం లేదు, ధమని గోడకు ఉంది. తనలోకి ఏదైనా చొరబడితే అది కబురు పంపుతుంది. ఆ కబురు అందుకుని వచ్చేవి తెల్ల రక్తకణాలు. అసలు కథ వాటిదే.

ధమని లోపలి వైపు పరుచుకున్న పొర ఒకే ఒక్క కణం మందం ఉంటుంది. రక్తం తిన్నగా పారే చోట ఆ కణాలు ప్రవాహం దిశలో పొందికగా సర్దుకుని ఉంటాయి. నాళం రెండుగా చీలే చోట, వంపు తిరిగే చోట రక్తం సుళ్లు తిరుగుతుంది, పొందిక చెదురుతుంది. మనం చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ రేణువులు అక్కడ ఎక్కువగా గోడలోకి దిగి, తంతువుల మధ్య ఇరుక్కుని, ఆక్సీకరణ చెంది రూపం మారతాయి. అప్పుడు ఆ లోపలి పొర కణాలు తమ ఉపరితలం మీద జిగురులాంటి అణువులను నిలబెడతాయి. రక్తంలో కొట్టుకుపోతున్న మోనోసైట్ అనే తెల్ల రక్తకణం ఆ జిగురు తగిలి వేగం తగ్గించుకుంటుంది, కొంచెం దూరం దొర్లుతుంది, ఆగుతుంది, రెండు కణాల సందులోంచి ఒళ్లు నలుపుకుంటూ గోడలోకి దూరుతుంది. లోపలికి వెళ్లాక పెరిగి మాక్రోఫేజ్ అవుతుంది. దాని పని శుభ్రం చేయడం, పనికిరానిదాన్ని మింగేయడం.

ఇలా మింగే కణాల సంగతి మొదట గ్రహించినవాడు రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సీనాలో, ఇంట్లోవాళ్లంతా సర్కస్‌కు వెళ్లిన రోజున, ఆయన గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప పిల్లల శరీరంలో గులాబీ ముళ్లు గుచ్చాడు. ఏమవుతుందోనన్న ఆత్రంతో రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి చూస్తే కదిలే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ముల్లు చుట్టూ మూగిన కణాలకూ కొవ్వును మింగే కణాలకూ స్వభావం ఒకటే. మరి ధమనిలో ఈ శుభ్రం చేసే పని ఎక్కడ చెడింది? అమెరికన్ శాస్త్రవేత్తలు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1979లో ఒక కీలకమైన విషయం చూపించారు. మామూలు కణానికి కొలెస్ట్రాల్ తీసుకునే ద్వారం ఒకటి ఉంటుంది. సరిపడా అందగానే కణం ఆ ద్వారాన్ని తగ్గించేసుకుంటుంది. మాక్రోఫేజ్‌కు మరో ద్వారం కూడా ఉంది. మామూలు ఎల్‌డీఎల్‌ను వదిలేసి రూపం మారినదాన్ని పట్టే ఆ ద్వారానికి చాలు అనడం తెలియదు. ఎంత వస్తే అంత లోపలికి లాగుతూనే ఉంటుంది.

అలా నిండిపోయిన కణాన్ని నురుగు కణం అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో మైక్రోస్కోపులో చూస్తే తెలుస్తుంది. స్లైడు తయారుచేసేటప్పుడు వాడే ద్రావణాలు కొవ్వును కరిగించేస్తాయి. కొవ్వు చుక్కలున్న చోట ఖాళీలు మిగిలి, కణమంతా సబ్బు నురుగులా కనిపిస్తుంది. అది ఎంత మింగిందో ఆ ఖాళీలను బట్టి తెలుస్తుంది.

ఇది ముసలితనంలో మొదలయ్యే వ్యవహారం కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను పరిశీలించిన ఫలితాలు 1953లో వెలువడ్డాయి. వాళ్ల సగటు వయసు 22 ఏళ్లు. వారిలో 77 శాతం మందికి గుండె ధమనుల్లో అప్పటికే ఏదో ఒక స్థాయిలో జబ్బు ఉంది.

నురుగు కణం ఎప్పటికీ బతకదు. ఒంట్లో రోజూ ఎన్నో కణాలు చనిపోతాయి, పక్క మాక్రోఫేజ్‌లు వాటిని చడీచప్పుడు లేకుండా మింగేస్తాయి. కొవ్వుతో బరువెక్కిన చోట ఆ పని సాగదు. చచ్చిన కణాలు చితికి, అందులోని కొవ్వంతా బయటపడి, గోడ నడుమ ఒక కుళ్లిన ముద్ద తయారవుతుంది. అందులో కొలెస్ట్రాల్ సూదుల్లాంటి స్ఫటికాలుగా మారుతుంది. ఆ స్ఫటికాలు మాక్రోఫేజ్ లోపల ఒక అలారాన్ని మోగిస్తాయని 2010లో తేలింది. దానితో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీన్ బయటికొచ్చి, మరిన్ని కణాలను పిలుస్తుంది. వచ్చినవీ మింగుతాయి, చస్తాయి, ముద్ద పెరుగుతుంది. కంచే చేను మేసిందని కొందరు దీన్ని వర్ణిస్తారు. నాకది అన్యాయమనిపిస్తుంది. ఈ కణాలు ద్రోహం చేయలేదు. చెప్పిన పనే చేస్తూ, వెనక్కి వెళ్లే దారి దొరక్క చిక్కుకుపోయాయి.

ఈ ముద్ద రక్తంలోకి జారకుండా పైన కొలాజెన్ అనే గట్టి పీచులాంటి ప్రోటీన్‌తో ఒక కప్పు ఏర్పడుతుంది. గుండెపోటు వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ కప్పు మందం మీద ఉంటుంది. టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామా అనే ప్రోటీన్ కొత్త కొలాజెన్ తయారీని ఆపుతుంది, మాక్రోఫేజ్‌ల ఎంజైములు ఉన్నదాన్ని కరిగిస్తాయి. కప్పు 65 మైక్రాన్ల కంటే పలచబడితే, అంటే దాదాపు తల వెంట్రుక మందానికి వస్తే, చిరిగే ప్రమాదం బాగా ఎక్కువ. చిరిగిన క్షణంలో లోపలి ముద్ద రక్తానికి తగిలి, నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. అందుకే దారిని సగం కూడా మూయని చిన్న బ్లాకు ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఈరోజు ఎలా పోయాడని కుటుంబాలు కుమిలిపోయే సందర్భాల్లో చాలావాటి వెనక ఇలాంటి పలచటి కప్పే ఉంటుంది.

ధమని జబ్బులో ఇన్‌ఫ్లమేషన్, అంటే రక్షణ కణాలు మూగి రేపే మంట, ఉందని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్చోవ్ 1856లోనే రాశాడు. 1913లో రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి ధమనుల్లో జబ్బు పుట్టించినప్పుడు, ఆ మచ్చల్లో తెల్ల రక్తకణాలను కూడా చూశాడు. లోకానికి కొలెస్ట్రాల్ ఒక్కటే గుర్తుండిపోయింది. మనుషుల్లో గట్టి రుజువు 2017లో గానీ దొరకలేదు. కాంటోస్ అనే ప్రయోగంలో, గుండెపోటు వచ్చి తేరుకున్న పదివేల మందికి పైగా రోగుల్లో కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కానకినుమాబ్ అనే మందు ఇచ్చారు. ఎల్‌డీఎల్ తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు కాస్త పెరిగాయి. మంటను ఆర్పితే కాపలా కూడా బలహీనపడుతుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే మరో మందు మెథోట్రెక్సేట్‌తో చేసిన ప్రయోగంలో లాభమే కనిపించలేదు. గౌట్ అనే కీళ్ల జబ్బుకు వాడే పాత మందు కోల్చిసిన్‌కు, రెండు పెద్ద ప్రయోగాల్లో మేలు కనిపించాక, 2023లో అమెరికాలో గుండె జబ్బుకు అనుమతి వచ్చింది. 2024లో వెలువడిన ఇంకో పెద్ద ప్రయోగంలో ఆ మేలు కనపడలేదు. వాదన ఇంకా నడుస్తోంది.

ఇదంతా చదివి, తప్పు కణాలదే కాబట్టి కొలెస్ట్రాల్ మాత్ర మానేయొచ్చని ఎవరైనా అనుకుంటే నాకు చాలా బాధ. కణాలను పిలిచింది ఆ కొవ్వే. అది తగ్గితే పిలుపూ తగ్గుతుంది. ఎలుకల్లో చేసిన ఒక ప్రయోగం ఈ విషయంలో నన్ను ఎప్పుడూ వదలదు. జబ్బుపడిన ఎలుక నుంచి ధమని ముక్కను కోసి, కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్న మరో ఎలుకలో అతికించారు. కొద్ది రోజుల్లోనే ఆ ముక్కలో నురుగు కణాలు బాగా తగ్గిపోయాయి. ఎటు పోయాయని వెతికితే, కొన్ని దగ్గర్లోని లింఫ్ గ్రంథుల్లో కనిపించాయి.