"ఒక్కసారే ఇచ్చాను కదా!": రిపబ్లికన్ క్యాంపెయిన్ మెసేజ్‌లపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో రిపబ్లికన్ అభ్యర్థుల తరఫున ఓటర్లకు, దాతలకు ఈమెయిళ్లు, టెక్స్ట్ మెసేజ్‌లు పంపే పనిలో ఉన్నాను. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు: "మా ఫోన్ మాటలు వింటున్నారా? మేం ఎవరికి ఓటేశామో మీకు తెలిసిపోతుందా?" రెండూ వట్టి పుకార్లు. నిజంగా డబ్బు పోయే విషయాన్ని మాత్రం కార్డు స్టేట్‌మెంట్ చూసి గుండె గుభేల్మన్నాక గానీ ఎవరూ అడగరు. అందుకే ముందు అదే చెబుతాను.

అపోహ: "ఒక్కసారి పాతిక డాలర్లు ఇచ్చాను, అక్కడితో అయిపోయింది."

అయిపోకపోవచ్చు. మెసేజ్‌లోని లింక్ నొక్కితే విరాళం పేజీ తెరుచుకుంటుంది. కార్డు నంబర్ కొట్టి కిందికి వస్తే, బటన్‌కు కాస్త పైన ఒక పెట్టె, చాలాసార్లు పసుపు రంగులో, కనిపిస్తుంది. అందులో దేశాన్ని కాపాడుకోవాలి, మీ అండ కావాలి అంటూ పెద్ద అక్షరాల్లో నాలుగు మాటలుంటాయి. దాని కింద సన్నటి అక్షరాల్లో "దీన్ని ప్రతి నెలా ఇచ్చే విరాళంగా మార్చండి" అని ఉంటుంది. పక్కన గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది. అది మీరు పెట్టింది కాదు. తీసేయాల్సింది మాత్రం మీరే. కొన్ని పేజీల్లో ఇలాంటిదే రెండో పెట్టె కూడా ఉంటుంది, ఫలానా తేదీన అదనంగా ఇంకోసారి తీసుకోవడానికి.

ఇది ఎక్కడో ఒకచోట జరిగిన పొరపాటు కాదు. డెమోక్రాట్లకు విరాళాలు ఆన్‌లైన్‌లో తీసుకునే యాక్ట్‌బ్లూ అనే వేదిక 2004 నుంచి ఉంది. దానికి పోటీగా రిపబ్లికన్ల కోసం 2019లో విన్‌రెడ్ వచ్చింది. 2020 ఎన్నికల వేళ ట్రంప్ క్యాంపెయిన్ ముందే టిక్కు పెట్టిన ఆ గడిని నెలవారీ నుంచి వారంవారీకి మార్చింది. ఆ ఏడాది ఆ క్యాంపెయిన్, పార్టీ, వాటి ఉమ్మడి ఖాతాలు కలిపి ఆన్‌లైన్ దాతలకు తిరిగిచ్చిన సొమ్ము 12.2 కోట్ల డాలర్లు. వసూలైన దాంట్లో అది 10 శాతం పైనే. బైడెన్ వైపు అలా వెనక్కి వెళ్లింది దాదాపు 2.1 కోట్లు. 2021 మేలో ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ సభ్యులు, రెండు పార్టీల వాళ్లూ ఏకగ్రీవంగా, ఈ ముందస్తు టిక్కులను నిషేధించమని కాంగ్రెస్‌ను కోరారు. కాంగ్రెస్ ఆ చట్టం చేయలేదు.

నేను కన్జర్వేటివ్‌నే. ఈ పార్టీ గెలవాలని కోరుకునే ఈ పని చేస్తున్నాను. అయినా ముందే పెట్టిన టిక్కును దాత ఒప్పుకోలుగా లెక్కేయడం తప్పని మీటింగుల్లోనూ చెబుతాను, ఇక్కడా చెబుతున్నాను. దీనికి బలయ్యేది మనల్ని నమ్మిన పెద్దవాళ్లే.

ఇర్వింగ్‌లో మాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. గుంటూరులో లెక్చరర్‌గా రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చి సిటిజన్‌షిప్ తీసుకున్నారు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "బాబూ, నా కార్డు నంబర్ ఎవరో కొట్టేశారయ్యా. మావాడికి చెప్పకు, కోప్పడతాడు" అన్నారు. స్టేట్‌మెంట్ తీసి చూస్తే వారం వారం అదే పేరు, అదే మొత్తం. "దొంగలు కాదు అంకుల్, మీరిచ్చిన విరాళమే మళ్లీ మళ్లీ వెళ్తోంది" అంటే ఆయన నమ్మలేదు. రసీదులన్నీ మెయిల్‌లో ప్రమోషన్స్ ట్యాబ్ కింద తెరవకుండా పడి ఉన్నాయి. "పోనీ, కార్డు మార్చేస్తే ఆగిపోతుంది కదా?" అన్నారు.

ఆగుతుందన్న గ్యారంటీ లేదు. కార్డు మారినప్పుడు కొత్త నంబర్‌ను వ్యాపారులకు ఆటోమేటిక్‌గా అందించే ఏర్పాటు వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటికీ ఉంది. కాబట్టి ముందు రసీదు మెయిల్ వెతికి, అందులోంచి వెళ్లి రికరింగ్‌ను ఆపాలి. నాలుగు పేజీల్లో ఇచ్చి ఉంటే నాలుగూ విడివిడిగా ఆపాలి. ఇప్పటికే పోయిన డబ్బు కోసం క్యాంపెయిన్‌కు మెయిల్ రాసి రీఫండ్ అడగండి. ఊరికే అడిగితే ఇస్తారా అని మొహమాటపడొద్దు, ఆ 12.2 కోట్లలో అలా వెనక్కి వచ్చినవీ ఉన్నాయి. స్పందన లేకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. పెద్దాయన టెన్షన్ ఆ మధ్యాహ్నమే తగ్గింది. కొడుకు కోప్పడలేదు కూడా.

అపోహ: "ఈ రాత్రి ఇస్తే 700 శాతం మ్యాచ్ చేస్తారట."

ఎవరూ చేయరు. 2025-26లో ఒక వ్యక్తి ఒక ఫెడరల్ అభ్యర్థికి ఒక ఎన్నికకు 3,500 డాలర్లకు మించి ఇవ్వకూడదు. లక్షల మంది ఇచ్చేదానికి ఏడింతలు కలిపే దాత ఎక్కడి నుంచి వస్తాడు? తొందరపెట్టడానికి రాసే మాట అది.

అపోహ: "హెచ్1బీ మీద ఉన్నా చిన్న మొత్తమైతే ఫర్వాలేదు."

ఒక్క డాలరు కూడా కుదరదు. విదేశీయుల విరాళాలు చట్టరీత్యా నిషిద్ధం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. "నువ్వు నీ పేరు మీద ఇచ్చెయ్, నేను నీకు ఆ డబ్బు జెల్ యాప్‌లో పంపేస్తా" అనే ఏర్పాటు కూడా నేరమే, సిటిజన్లు చేసినా సరే. జీతం లేకుండా వాలంటీర్‌గా పనిచేయడానికి మాత్రం ఎన్నికల చట్టం అడ్డు కాదు.

అపోహ: "అయిదు డాలర్లేగా, బయటకు తెలియదు."

విన్‌రెడ్, యాక్ట్‌బ్లూ ద్వారా ఇస్తే ఆ అయిదు డాలర్లు కూడా వాళ్ల రిపోర్టుల్లో మీ పేరుతో ఎక్కుతాయి. ఎలక్షన్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు.

అపోహ: "ఫోన్ వింటున్నారు, మన మనసు చదివే సాఫ్ట్‌వేర్ ఉంది."

2016లో ట్రంప్ క్యాంపెయిన్‌కు పనిచేసిన డేటా కంపెనీ కేంబ్రిడ్జ్ అనలిటికా పేరు చెప్పి ఇప్పటికీ భయపెడుతుంటారు. ఆ కంపెనీ ఫేస్‌బుక్ డేటా తీసుకున్న తీరు తప్పే, 8.7 కోట్ల మంది దాకా ప్రభావితమై ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది. అయితే వాళ్లు వాడిన పద్ధతులు చాలావరకు మార్కెట్లో అందరూ వాడేవేనని బ్రిటన్ సమాచార కమిషనర్ 2020లో తేల్చారు. 2016లో ట్రంప్ డిజిటల్ ప్రచారం చూసిన బ్రాడ్ పార్స్‌కేల్ శాన్ ఆంటోనియో నుంచి ప్రధానంగా నడిపించింది ఫేస్‌బుక్ యాడ్లే. ఒకే యాడ్‌ను రకరకాలుగా మార్చి, ఏది పనిచేస్తే దాని మీద డబ్బు పెట్టడం అందులో అసలు పని.

ఈ రంగంలో అసలు ఆస్తి లిస్టు. 1964లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ ఓడిపోయాక రిచర్డ్ విగరీ అనే కన్జర్వేటివ్ ఆయన దాతల పేర్లను ప్రభుత్వ రికార్డుల నుంచి చేత్తో రాయించుకుని, ఉత్తరాల ద్వారా విరాళాలు అడిగే వ్యాపారం కట్టాడు. మేం ఇప్పుడు ఫోన్ నంబర్లతో చేస్తున్నదీ అదే. మీ నంబర్ వచ్చేది ఓటర్ రికార్డు, పాత పిటిషన్లు, అద్దెకిచ్చే లిస్టుల నుంచి. మీరు ఏ ఎన్నికలో ఓటేశారో, టెక్సస్‌లో అయితే ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారో రికార్డులో ఉంటుంది. ఎవరికి వేశారన్నది ఎక్కడా ఉండదు.

మెసేజ్‌లు ఆపాలంటే డు నాట్ కాల్ రిజిస్ట్రీ (మార్కెటింగ్ కాల్స్ వద్దని నంబర్ నమోదు చేసుకునే జాబితా) పనికిరాదు, రాజకీయ మెసేజ్‌లు దాని కిందికి రావు. స్టాప్ అని రిప్లై ఇవ్వండి. పంపినవాళ్లు ఆపుతారు. అదే లిస్టు అద్దెకు తీసుకున్న ఇంకో క్యాంపెయిన్ నుంచి వస్తే దానికీ విడిగా స్టాప్ పెట్టాలి. ఎవరు పంపారో తెలియనివాటి లింక్ నొక్కకుండా స్పామ్ ఫిర్యాదుల నంబర్ 7726కి ఫార్వర్డ్ చేయండి.