కొమ్ము పురుగు వేరు, ఎర్రముక్కు పురుగు వేరు: కొబ్బరి తోటల్లో అపోహలు - వాస్తవాలు

కోనసీమ తోటల్లో తిరిగే నాకు తరచూ వినిపించే మాట: “చెట్టుకి పురుగు పట్టిందండీ, మందు చెప్పండి.” ఏ పురుగో చూడకుండా మందు ఎలా చెప్పను?

అపోహ: రెండూ ఒకటే, మొవ్వు (చెట్టు నడినెత్తిన ఉండే లేత ఆకుల మొలక) తినేవే.

వాస్తవం: కొమ్ము పురుగు నల్లగా, తల మీద కొమ్ముతో ఉంటుంది. చెట్టును కొరికేది రెక్కలొచ్చిన పెద్ద పురుగు. విచ్చుకోని మొవ్వును అది తొలిచేస్తే, ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. ఎర్రముక్కు పురుగు ఎర్రగా, వంగిన పొడవాటి ముక్కుతో ఉంటుంది. ఇక్కడ చెట్టును చంపేది కాళ్లు లేని పిల్లపురుగు. అదీ కాండం లోపలే ఉండి, మన కంట పడకుండా.

పోయినేడాది ఒక రైతు పాపం మొవ్వులో మందు పోస్తూనే ఉన్నారు. వెళ్లి చూస్తే కాండానికి చిన్న రంధ్రం, దాంట్లోంచి గోధుమరంగు జిగురు, నమిలి ఊసినట్టు పీచు. చెవి ఆనిస్తే లోపల కరకరమని చప్పుడు. పదేళ్ల చెట్టు, మంచి కాపు మీద ఉంది. దక్కలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అపోహ: పెంటకుప్పలోని తెల్ల పురుగులే చెట్టెక్కి తింటాయి.

వాస్తవం: అవి చాలావరకు కొమ్ము పురుగు పిల్లలు. కుళ్లిన పెంట, కుళ్లిన కొబ్బరి మొద్దులే వాటి తిండి. పచ్చి చెట్టును ముట్టవు. అలాగని వదిలేయకండి, రెక్కలొస్తే నేరుగా మొవ్వుకే వెళ్తాయి. కుప్ప తిరగేసి ఏరేయండి. కుప్పలో మెటారైజియం అనే, పురుగుల్ని చంపే శిలీంధ్రం కలిపితే ఒళ్లంతా పచ్చటి బూజు పట్టి చస్తాయి.

అపోహ: కొమ్ము పురుగు ఆకే కదా తినేది, పోనీలే.

వాస్తవం: లేత మొక్కయితే మొవ్వు పోయి చచ్చిపోవచ్చు. పెద్ద చెట్టుకి అసలు ప్రమాదం ఆ గాయం. దాని వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి అక్కడే గుడ్లు పెడుతుంది. పచ్చి మట్టను కాండానికి ఆనించి నరికినా ఇదే జరుగుతుంది. మూడు నాలుగడుగులు వదిలి నరకమని కాయలు దింపే కార్మికులకు ముందే చెప్పండి. లేత మొక్కలకు మొవ్వు చుట్టూ మట్టల మొదళ్లలో 3 కలరా ఉండలు పెట్టి ఇసుకతో కప్పండి.

అపోహ: లింగాకర్షక బుట్టలో (పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే బుట్ట) మగవే పడతాయి.

వాస్తవం: ఎర్రముక్కు పురుగు బుట్టలో వాడేది మగ పురుగు వదిలే వాసన. దానికి ఆడా మగా రెండూ వస్తాయి. కొమ్ము పురుగు ఎర వేరు. కొనేటప్పుడు ఏ పురుగుకో అడిగి తీసుకోండి.