ముందు ఉడికించి, ఆ తర్వాత కలిపే పిండి

రొట్టె చేసేవాళ్లు పిండిని బాగా మర్దించాకే పొయ్యి మీదికి తీసుకెళ్తారు. లిబియా పశ్చిమ ప్రాంతంలో, ముఖ్యంగా ట్రిపోలీ వైపు ఊళ్లలో, నఫూసా కొండల్లోని అమాజిగ్ తెగవాళ్ల ఇళ్లలో బజీన్ అనే బార్లీ ముద్ద వండేవాళ్ల వరస వేరు. బార్లీ పిండికి ఉప్పు, నీళ్లు చేర్చి గట్టి ముద్దలు చేసి మరిగే నీళ్లలో వేస్తారు. ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడికిస్తారు. అసలైన మర్దన ఆ తర్వాత మొదలవుతుంది. బార్లీ గుణం తెలిస్తే ఇంతకంటే సరైన వరస మరొకటి లేదనిపిస్తుంది.

గోధుమ పిండిని నీళ్లతో పిసికితే అందులోని ప్రోటీన్లు ఒకదానికొకటి అల్లుకుని గ్లూటెన్ వల తయారవుతుంది. చపాతీ సాగేది ఆ వల వల్లే. బార్లీలో హోర్డీన్ అనే దగ్గరి బంధువు లాంటి ప్రోటీన్ ఉన్నా, అది అంత బలంగా అల్లుకోలేదు. పచ్చి బార్లీ పిండిని ఎంతసేపు పిసికినా సాగదు, విరుగుతుంది. కాబట్టి ముద్దను నిలబెట్టే పని వేరే పదార్థం చేయాలి. ఆ పదార్థం స్టార్చ్, అంటే గింజలోని పిండి పదార్థం.

బార్లీ గింజ బరువులో సగానికి పైగా స్టార్చే. చల్లటి నీళ్లలో దాని రేణువులు పెద్దగా మారవు. వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. వాటి లోపలి అమైలోజ్ అనే పొడవాటి అణువులు బయటికి వచ్చి జిగురుగా మారతాయి. అయితే ఈ వేడి ముద్ద నడిమధ్యకు కూడా చేరాలి. అందుకే చాలామంది ముద్ద మధ్యలో వేలితో చిల్లు పెడతారు. ఇది చాలా తెలివైన పని. ముద్ద మందం రెట్టింపైతే, వేడి లోపలికి చేరే సమయం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఒక్క చిల్లుతో ఆ మందం సగానికి తగ్గుతుంది.

ఉడికాక నీళ్లు వంపేసి పక్కన ఉంచుతారు. ముద్దలను బలమైన కర్రతో గిన్నెలోనే దంచుతూ, తిప్పుతూ కలుపుతారు. గిన్నె కదలకుండా కాళ్ల మధ్య అదిమి పట్టుకుని చేసేవాళ్లూ ఉన్నారు. పిండి బిగుసుకుంటే, వంపిన నీళ్లను కొంచెం కొంచెంగా చేరుస్తారు. రాయలసీమలో తెడ్డుతో సంగటి గెలికినవాళ్లకు ఈ కష్టం తెలుసు. రాగుల్లోనూ గ్లూటెన్ వల ఏర్పడదు కాబట్టి అక్కడా ముద్దను నిలిపేది ఉడికిన స్టార్చే. దంచుతున్నప్పుడు ఉబ్బిన రేణువులు నలిగి, అమైలోజ్ జిగురు అంతటా సమంగా పరుచుకుంటుంది. ఉండలన్నీ కరిగి నున్నటి పిండి అవుతుంది. చల్లారే కొద్దీ ఆ అణువులు మళ్లీ దగ్గరికి జరిగి ముద్ద గట్టిపడుతుంది. అందుకే చల్లబడ్డ బజీన్ అంత బాగుండదు, వేడివేడిగా తినాల్సిందే.

వంపిన నీళ్లను తిరిగి వాడడంలో మరో లాభం కూడా ఉంది. బార్లీలో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. పిండి బరువులో ఇది సాధారణంగా 4 నుంచి 6 శాతం దాకా ఉంటే, గోధుమలో 1 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. నీళ్లలో కరిగే గుణం ఉన్నందువల్ల ఇది కొంత ఆ నీళ్లలోకి దిగుతుంది, కలిపేటప్పుడు అందులో కొంత మళ్లీ ముద్దలోకి చేరుతుంది. కడుపులోకి వెళ్లాక ఈ పీచు చిక్కటి జిగురుగా మారి, చక్కెర రక్తంలో కలిసే వేగాన్ని తగ్గిస్తుంది. పేగుల్లోని పిత్త ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. వాటిని మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయం కొలెస్ట్రాల్‌ను ఖర్చు చేయాల్సి వస్తుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందని అమెరికా, యూరప్ ఆహార నియంత్రణ సంస్థలు కూడా ఒప్పుకున్నాయి.

ఇక వడ్డన. ముద్దను గోపురంలా మలిచి పెద్ద పళ్లెం నడుమ పెడతారు. చుట్టూ మాంసం, బంగాళాదుంపలు, ఉడికించిన గుడ్లు పేర్చి టమాటా పులుసు పోస్తారు. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, తమ వైపు నుంచి కుడిచేత్తో ముద్ద తుంచుకుని పులుసులో అద్దుకుంటారు. గుండ్రటి గోపురానికి గాలి తగిలే పైభాగం తక్కువ, అందుకే వేడి త్వరగా పోదు. టమాటా, మిరప, బంగాళాదుంప అమెరికా ఖండాల నుంచి 15వ శతాబ్దం చివరి నుంచే మధ్యధరా తీరాలకు చేరాయి కాబట్టి ఈ ఎర్రటి పులుసు మరీ పాతది కాదు. బార్లీ మాత్రం అక్కడ ఎంతో పాత పంట. 90 శాతానికి పైగా ఎడారి అయిన ఆ దేశంలో వాన పడేది తీరం వెంబడి, కొండల మీద, అదీ చలికాలంలోనే. ఆ తడి కొరతను, చౌడు నేలను బార్లీ గోధుమ కంటే బాగా తట్టుకుంటుంది, త్వరగా కోతకు వస్తుంది కూడా.

ఒక జాగ్రత్త. బార్లీలో గోధుమలాంటి సాగుడు లేదు కదా అని గోధుమ గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు బజీన్ తినకూడదు. హోర్డీన్ కూడా వాళ్ల పేగులకు హాని చేస్తుంది. ఇతర ధాన్యాల కల్తీ లేని జొన్న పిండితో ఇదే పద్ధతిలో వండుకుంటే, బార్లీ పీచు దక్కకపోయినా ముద్ద మాత్రం చక్కగా నిలబడుతుంది.