పోపు వాసన, జింక ముక్కు

చి. బుజ్జికీ చిన్నాకీ, మీతో కూర్చుని ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ ఆశీస్సులు.

బుజ్జీ, నీ ఉత్తరం అందింది. మీ క్లాసు అమ్మాయి వాళ్ళమ్మ ఏటా నవంబరులో జింకల వేటకి వెళ్తుందనీ, ఈ ఏడు పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్తోందనీ రాశావు. "జింకని చంపడం తప్పు కదా తాతయ్యా? అయినా అమ్మలు కూడా వేటకి వెళ్తారా?" అని అడిగావు.

రెండో ప్రశ్న తేలిక, ముందు అది చెప్తాను. వెళ్తారు, ఏనాటి నుంచో వెళ్తున్నారు. పెరూ దేశపు కొండల్లో విలమయ పచ్చా అనే చోట తవ్వితే సుమారు 9,000 ఏళ్ళ నాటి సమాధి బయటపడింది. లోపల ఇరవయ్యేళ్ళు నిండని ఆడపిల్ల ఎముకలు, పక్కనే ఈటె మొనలు, తోలు గీకే రాతి పనిముట్లు. ఈ సంగతి 2020లో ప్రకటించారు. నూర్జహాన్ ఆరు తూటాలతో నాలుగు పులుల్ని కొట్టిందని జహంగీర్ పాదుషా తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు, అది 1617 నాటి మాట. మీ అమెరికాలోనే, ఒహాయోలో పుట్టి, తుపాకి గురికి పేరుపడ్డ ఆనీ ఓక్లీ తండ్రి పోయాక చిన్నతనంలోనే వేటాడి ఇంటిని ఆదుకుంది.

మొదటి ప్రశ్నకి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేను. మీ క్లాసు అమ్మాయి వాళ్ళమ్మ వేట రోజున ఏమేం చేస్తుందో చెప్తాను, అది తెలిశాక నువ్వే ఆలోచించు.

బయల్దేరే ముందు ఆవిడ మొట్టమొదట చూసుకునేది గాలి. ఎందుకో చెప్తాను. మీ అమ్మ పప్పులోకి పోపు వేస్తున్నప్పుడు గమనించు. నూనె కాగి ఆవాలు చిటపటలాడి ఇంగువ పడేసరికి, మేడ మీద చదువుకుంటున్న నీకు తెలిసిపోతుంది. గాలి వీధి వైపు ఉంటే వీధిలోవాళ్ళకి తెలుస్తుంది, పెరటి వైపు ఉంటే పెరట్లోవాళ్ళకి. జింకకి మనిషంటే పోపు లాంటివాడు. పైగా నువ్వు పోపంతా కలిపి ఒకే వాసనగా పీలుస్తావు. జింక అయితే ఆవాలు వేరు, ఎండుమిరపకాయ వేరు, కరివేపాకు వేరు అన్నట్టు మన సబ్బుని, తలనూనెని, బూటుకి అంటిన పెట్రోలుని విడివిడిగా పట్టేస్తుంది. అందుకే ఆవిడ గాలి తన మొహానికి కొట్టేలా కూర్చుంటుంది. జింక వచ్చే దారి ఎదురుగా ఉండాలి, తన వాసన వీపు వెనక్కి పోవాలి. జేబులో చిన్న పౌడరు డబ్బా పెట్టుకుని, నొక్కి, ఆ పొడి ఎటు పోతోందో పావుగంటకోసారి చూసుకుంటుంది.

వంటింటి సంగతి ఇంకొంచెం చెప్పనీ. పొయ్యి వెలుగుతున్నంతసేపూ ఆవిరి పైకి పోతుంది కదా. కొండవాలు మీద కూడా అంతే. ఎండ తగిలాక గాలి వేడెక్కి పైకి ఎక్కుతుంది, కనుక పొద్దెక్కాక జింక దారికి ఎగువన కూర్చోవాలి. సాయంత్రం చల్లబడ్డ గాలి బరువెక్కి, కాలవలో నీళ్ళలా లోయలోకి జారుతుంది, అప్పుడు దిగువన కూర్చోవాలి. పొద్దున కూర్చున్న చోటే మంచిదని సాయంత్రమూ అక్కడే కూర్చుంటే ఒక్క జింకా రాదు, ఎందుకు రాలేదో కూడా తెలియదు. రెండు వైపులా కిటికీలున్న ఇంట్లో పోపు వాసన గదిగదికీ తిరిగినట్టు, గుట్టల మధ్య పల్లంలో గాలి సుళ్ళు తిరుగుతుంది. అలాంటి చోట ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా మాటు వేయరు. ఇక పోపు మాడితే ఇల్లంతా ఒకేసారి తుమ్ముతుంది చూడు, అలాగే ఒక్క జింకకి మన వాసన తగిలితే చాలు, బుస్సుమని ముక్కుతో గాలి వదిలి, తెల్లటి తోక జెండాలా ఎత్తి పరిగెడుతుంది. ఆ చుట్టుపక్కల ఉన్న జింకలన్నిటికీ కబురు అందినట్టే. ఆ పూటకి ఇక లేచి ఇంటికి రావడమే.

కళ్ళ విషయంలో మాత్రం వేటగాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. జింకకి ఎరుపు, నారింజ రంగులు మనకి కనబడినంత ప్రకాశంగా కనబడవు. అందుకే మీ విస్కాన్సిన్ రాష్ట్రంలో తుపాకి వేట రోజుల్లో నడుము పైన వేసుకున్న బట్టల్లో కనీసం సగం మెరిసే ఆరెంజ్‌గానో గులాబీగానో ఉండాలి. గులాబీని ఒప్పుకున్న మొదటి రాష్ట్రం మీదే, 2016లో. ఆ రంగు మనుషులకి మనుషులు కనబడటం కోసం. నీలం మాత్రం జింకకి బాగా కనబడుతుంది, అంచేత జీన్సు పనికిరాదు. బట్టలు తళతళలాడించే సబ్బుపొడితో ఉతికినా అంతే, ఆ మెరుపు దాని కంటికి కొడుతుంది.

పిల్లల్ని వెంట తీసుకెళ్ళడం వేరే విద్య. మా చిన్నప్పుడు జొన్నచేలో మంచె వేసి, పిల్లల్ని ఎక్కించి, చేతికి వడిసెల ఇచ్చేవాళ్ళు. పిట్టలు వాలకుండా గోల చేయడం మా పని. పంగలకర్ర జేబులో లేని పిల్లాడు ఊళ్ళో ఉండేవాడు కాదు. ఏ పిట్టని కొట్టొచ్చు, దేన్ని కొట్టకూడదు, దెబ్బ తిన్నది ఏ పొదలో పడింది అని అడిగే పెద్దవాళ్ళూ లేరు. ఆ అమ్మ ఎక్కే మంచె అలాంటిది కాదు. అక్కడ కదలకూడదు, మాట్లాడకూడదు, తెల్లారకముందే కూర్చోవాలి. తుపాకి వేట తొమ్మిది రోజులు, నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం మొదలు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు గనక చీకట్లోనే చోటుకి చేరాలి.

ఆ చలిలో నూలు బట్టలు వేస్తే చెమటకి తడిసి, ఒంటి వేడినంతా లాగేస్తాయి. లోపల ఉన్నిది గానీ సింథటిక్‌ది గానీ వేయాలి. కాళ్ళు చల్లబడుతున్నాయని రెండు జతల మందపాటి మేజోళ్ళు తొడిగితే బూటు బిగుసుకుని, రక్తం ఆడక, పాదం ఇంకా చల్లబడుతుంది. ఒక్క జత ఉన్ని మేజోళ్ళు, ఒక సైజు పెద్ద బూటు, ఇది సరైన పద్ధతి. చిరుతిళ్ళు కరకరలాడే ప్యాకెట్లలోంచి తీసి గుడ్డసంచిలో పోసుకోవాలి. చిన్నపిల్లలతో చెట్టు ఎక్కే బదులు నేల మీద గుడారం లాంటి మాటు మేలు. ముందు రోజే వెళ్ళి లోపలి ఎండుటాకులు ఊడ్చేసి మట్టి తేల్చాలి, లేకపోతే కాలు కదిపినప్పుడల్లా చప్పుడే. వెనకవైపు కిటికీలు మూసి ఉంచాలి, లేదంటే వెలుతురుకి మన ఆకారం నీడలా తెలిసిపోతుంది. ఇన్ని చేసినా రెండు గంటలే. పిల్లలకి వణుకు మొదలైతే జింక వచ్చేలా ఉన్నా సరే, లేచి వెళ్ళిపోవాలి. మొదటిరోజు ఏడ్చిన పిల్ల రెండోరోజు రాదు.

పెద్దవాళ్ళు చెట్టు మంచె ఎక్కితే నేల మీద ఉండగానే ఒంటికి బెల్టు కట్టుకుని, దాన్ని చెట్టుకి తగిలించుకుంటూ ఎక్కాలి. రెండు కాళ్ళూ ఒక చెయ్యీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ నిచ్చెన మీద ఉండాలి. తుపాకి ఖాళీ చేసి కింద పెట్టి, పైకి చేరాక తాడుతో లాక్కోవాలి. వేటగాళ్ళు గాయపడటానికి పెద్ద కారణాల్లో ఒకటి మంచె మీద నుంచి పడటం.

ఇక తుపాకి. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట శిక్షణ పూర్తిచేస్తేనే లైసెన్సు. శిక్షణ లేని పిల్లలు వేటాడాలంటే వెంట ఉన్న పెద్దవాళ్ళు చేతికందేంత దగ్గరలో ఉండాలి. అక్కడ నేర్పేవి నాలుగు మాటలు. ప్రతి తుపాకిలోనూ తూటా ఉందనే అనుకోవాలి. గొట్టం మూతి ఎప్పుడూ ఎవరికీ ప్రమాదం లేని దిక్కుకే ఉండాలి. కొట్టబోయేది ఏమిటో, దాని వెనక ఏముందో ఖాయంగా తెలియాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు. మూడో మాట దగ్గరే మంచి వేటగత్తె ఎక్కువసార్లు ఆగిపోతుంది. గుట్ట అంచు మీద జింక ఆకాశానికి ఎదురుగా నిలబడితే కాల్చదు, ఎందుకంటే తూటా తప్పితే దాన్ని ఆపే మట్టి వెనక లేదు. జింక ఎదురుగా తిరిగి ఉన్నా కాల్చదు. పక్కకి తిరిగి, ముందుకాలి వెనక ఊపిరితిత్తులుండే చోటు తెరుచుకునేదాకా ఆగుతుంది. గంట ఎదురుచూసిన జింక అలా తిరగకుండానే వెళ్ళిపోతే వెళ్ళనిస్తుంది.

కాల్చాక వెంటనే పరిగెత్తకూడదు. కనీసం అరగంట కూర్చోవాలి. పిల్లలకి ఇదే కష్టమైన పని. దెబ్బతిన్న జింకని తరిమితే అది ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి మైళ్ళు పోతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుని ప్రాణం విడుస్తుంది. తర్వాత జాడ చూడాలి. రక్తం లేతగా, నురగతో ఉంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు, దగ్గర్లోనే ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, మూడు నాలుగు గంటలు ఆగాలి. ఆకుపచ్చ పసరు కనబడితే పేగులకి తగిలింది, ఎనిమిది పన్నెండు గంటలు ఆగక తప్పదు. ప్రతి చుక్క దగ్గరా ఒక కాగితం ముక్క పెట్టుకుంటూ పోతే, జాడ తెగినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే దారి గీత గీసినట్టు కనబడుతుంది. ఆ కాగితాలు పెట్టే పని పిల్లలది, తిరిగొచ్చేటప్పుడు ఏరే పని కూడా.

పొట్టలోవి త్వరగా తీసేయాలి. కత్తి మొన మూత్రాశయానికీ పేగుకీ తగలకూడదు, తగిలితే మాంసం పాడవుతుంది. లోపల ఐసు పెట్టి చల్లబరచాలి. మామూలు ఆడజింక నుంచి ఎముక తీసిన మాంసం సుమారు 20 కిలోలు వస్తుంది. కొవ్వంతా గీకేయాలి, అది మైనంలా నోటికి అంటుకుంటుంది. సీసం తూటా అయితే సన్నటి ముక్కలు గాయానికి చాలా దూరం దాకా చెదురుతాయి, చుట్టూ బాగా కోసి పారేయాలి. పిల్లలు తినే ఇంట్లో రాగి తూటాలే వాడాలని నేను గట్టిగా చెప్తాను. ఇంకో జాగ్రత్త. 2002 నుంచి విస్కాన్సిన్ జింకల్లో మెదడుని తినేసే జబ్బు ఒకటి కనబడుతోంది, దాని కారకం ఎంత ఉడికించినా చావదు. మెడలోని గ్రంథులు పరీక్షకి ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ప్యాకెట్ల మీద గుర్తు రాసి ఫ్రీజర్‌లో ఉంచాలి. జబ్బు ఉందని తేలితే మొత్తం పారేయాలి, ఎంత కష్టపడి తెచ్చినా సరే.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. మన దగ్గర జింకని ముట్టుకుంటే జైలే. 1972 వన్యప్రాణుల చట్టం ఉంది, కృష్ణజింకని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ శిక్ష. అది సరైన చట్టమే, మనకి మిగిలినవి కొద్ది. అమెరికాలో 1900 ప్రాంతానికి తెల్లతోక జింకలు అయిదు లక్షలకి పడిపోయాయని అంచనా. బజారులో అమ్ముకోవడానికి ఇష్టమొచ్చినట్టు కొట్టారు. తర్వాత వేట రోజులు, లెక్క, ట్యాగులు అనే అనుమతి చీటీలు పెట్టి అదుపు చేస్తే ఇవాళ దాదాపు మూడు కోట్లు. 1937 చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల కోసమే ఖర్చు పెడతారు. ఆ అమ్మ కొన్న ప్రతి తూటా పెట్టెలోనూ ఆ వాటా ఉంది. ఏ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాన్లో, ఎన్ని ఆడజింకల్ని తీయొచ్చో ఏటా లెక్క మారుతుంది, ఎందుకంటే మంద పెరగడం, తగ్గడం వాటి మీదే ఆధారపడుతుంది. తినడం, తినకపోవడం మీ ఇంటి ఇష్టం. ఆదివారం కోడికూర తిని, ఆ కోడి ఎక్కడ పెరిగిందో అడగనివాళ్ళు మాత్రం ఆవిడని తప్పుపట్టడం నాకు నచ్చదు. ఒక్క ప్రాణం తీయడానికి ఎంత ఆగాలో ఆ పిల్లలు కళ్ళారా చూస్తున్నారు.

వేటకి పోకుండానే నువ్వు చేయగల పని ఒకటుంది. మేక నోరు తెరిచి చూస్తే ముందు పైపళ్ళు ఉండవు, మేకలు కాసినవాళ్ళందరికీ ఇది తెలుసు. జింకకీ ఉండవు. అందుకే అది చిగురుని కొరకలేదు, పట్టి లాగి తెంపుతుంది. కొమ్మ చివర చింపినట్టు పీచుపీచుగా ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. మంచు పడ్డ మర్నాడు మీ ఇంటి వెనక పొదల దగ్గరికి చిన్నాని తీసుకుని వెళ్ళు, అమ్మకి చెప్పి, ఆరెంజ్ టోపీ పెట్టుకుని. నీ మోకాలి ఎత్తు నుంచి భుజం దాకా కొమ్మల చివరలు ఒక్కొక్కటీ చూడు. దగ్గర్లో మంచులో కోడిగుడ్డు ఆకారంలో గుంట ఉంటే అది జింక రాత్రి పడుకున్న చోటు, ఒంటి వేడికి మంచు కరిగి నున్నగా అయి ఉంటుంది. పక్కన చిన్న గుంటలు ఉన్నాయేమో చూసి, ఎన్నో లెక్కపెట్టి నాకు రాయి. అవి ఆ యేడు పుట్టిన పిల్లలవి, తల్లిని ఆనుకుని పడుకుంటాయి.

ఇట్లు,
తాతయ్య