వైస్రాయ్ టోలెడో: అపోహలు - వాస్తవాలు

స్పెయిన్ వలస పాలనలో ఉన్నప్పటి పెరూ చరిత్ర చదవడం, పాఠం చెప్పడం నా పని. అందులో నన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచిన మనిషి ఫ్రాన్సిస్కో డి టోలెడో. 1569 చివర్లో వైస్రాయ్‌గా లిమాకు వచ్చి 1581 దాకా ఉన్నాడు. ఈయన గురించి అందరూ చెప్పేది ఒక్కటే, స్పెయిన్ రాకముందు అక్కడ ఏలిన ఇంకా వంశపు చివరి రాజు టుపాక్ అమారు తల నరికించాడని. అది నిజమే. కానీ ఆయన చేసిన అసలు పని లెక్కలు రాయించడం. జనం మీద ఎక్కువ కాలం బరువుగా పడింది ఆ లెక్కల పుస్తకాలే.

అపోహ: వైస్రాయ్ అంటే అక్కడ రాజుతో సమానం, ఆయన మాటకు తిరుగులేదు.

వాస్తవం: తిరుగు బాగానే ఉండేది. వైస్రాయ్ పక్కనే ఆడియెన్సియా అనే పెద్ద కోర్టు ఉండేది, అందులోని జడ్జీలు ఆయన్ని దాటి నేరుగా రాజుకే ఉత్తరాలు రాసేవాళ్లు. పదవి దిగిపోయాక రెసిడెన్సియా అనే విచారణ, అందులో బాధితులు ఎవరైనా ఫిర్యాదు పెట్టొచ్చు. పెరూ మొదటి వైస్రాయ్ బ్లాస్కో నున్యెజ్ వేలా సంగతి చూడండి. స్థానికులతో చాకిరీ చేయించుకునే స్పానిష్ దొరలకు ముకుతాడు వేసే కొత్త చట్టాలు పట్టుకుని 1544లో వచ్చాడు, వెనకాముందూ చూడకుండా అమలు మొదలుపెట్టాడు. అదే ఏడాది ఆయన సొంత కోర్టు జడ్జీలే ఆయన్ని అరెస్టు చేసి ఓడ ఎక్కించారు. తప్పించుకుని సైన్యం పోగేసుకుంటే 1546 జనవరిలో, కిటో దగ్గర యుద్ధంలో, తిరగబడ్డ దొరలు ఆయన తల నరికేశారు. టోలెడో వచ్చేనాటికి ఇది జరిగి పాతికేళ్లు కూడా కాలేదు.

అపోహ: టోలెడో లిమాలో కూర్చుని హుకుంలు జారీ చేశాడు.

వాస్తవం: 1570లో లిమా వదిలినవాడు మళ్లీ 1575లో గానీ తిరిగి రాలేదు. కుస్కో, పొటోసీ, అరెకిపా అంటూ ఆండీస్ కొండల్లో అయిదేళ్లు తిరిగాడు. జిల్లాజిల్లాకీ తనిఖీ అధికారుల్ని పంపి మనుషుల్ని లెక్క పెట్టించాడు. ఊళ్లలో పాత లెక్కలు దారాల ముడుల్లో ఉండేవి, వాటిని కీపు అంటారు. ఆ ముడులు చదవగలిగిన పెద్దల్ని పిలిపించి, వాళ్లు చెప్పింది స్పానిష్‌లో రాయించుకున్నారు. పద్దెనిమిది నుంచి యాభై ఏళ్ల మగవాళ్లందరికీ పన్ను. కొండవాలుల మీద చెదురుమదురుగా ఉన్న పల్లెల్ని ఖాళీ చేయించి కొత్త ఊళ్లలోకి తోలారు, అలా కదిలినవాళ్లు పది లక్షలకు పైనే అని అంచనా. ఆ కొత్త ఊళ్లన్నీ గళ్లు గీసినట్టే ఉంటాయి: మధ్యలో మైదానం, చర్చి, జైలు, తిన్నని వీధులు. ప్రతి ఇంటి తలుపూ వీధిలోకే తెరుచుకోవాలి, లోపల ఏం జరుగుతోందో అధికారులకు, మతగురువులకు కనపడాలి. ఈ రూలు దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఎన్ని యుద్ధాలు చదివినా, ఇల్లు తమది కాకుండా పోవడం అంటే ఏమిటో ఆ తలుపే నాకు అర్థమయ్యేలా చెప్పింది.

అపోహ: టుపాక్ అమారును చంపినందుకు రాజు రెండవ ఫిలిప్ ఆయన్ని ముఖం మీదే తిట్టాడు, ఆ బెంగతోనే టోలెడో చచ్చిపోయాడు.

వాస్తవం: 1572 సెప్టెంబరులో కుస్కో మైదానంలో టుపాక్ అమారు తల తీయించిన మాట వాస్తవం. మతగురువులు మోకరిల్లి బతిమాలినా వినలేదు. టోలెడో 1582లో స్పెయిన్‌లో చనిపోయిన మాటా వాస్తవం. మధ్యలో తిట్టిన కథ మాత్రం ప్రధానంగా గార్సిలాసో డి లా వేగా అనే రచయిత రాతల నుంచి వచ్చింది. ఆయన తల్లి ఇంకా రాజవంశపు స్త్రీ, ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ టోలెడో రాకముందే, 1560లోనే, ఆయన పెరూ వదిలి వెళ్లాడు, ఈ కథ అచ్చయింది 1617లో. చరిత్రకారులు దీన్ని నమ్మకంగా తీసుకోరు. చంపినవాడికి ఏదో ఒక శిక్ష పడాలని మనకూ అనిపిస్తుంది కాబట్టే ఇది ఇంతగా పాకింది.

అపోహ: మీతా అనే గని చాకిరీని టోలెడో కనిపెట్టాడు, అది జీతం లేని వెట్టి.

వాస్తవం: రెండూ తప్పే. మీతా అంటే కెచువా భాషలో వంతు. ఇంకాల కాలంలోనే జనం వంతులవారీగా రాజ్యం పనులు చేసేవాళ్లు, రాజ్యం వాళ్లకు తిండి పెట్టేది. మరి టోలెడో చేసిందేమిటి? పొటోసీ వెండి కొండ 1545లో బయటపడింది. మొదట్లో మేలురకం ముడిరాయిని స్థానికులే గాలి కొలుముల్లో కరిగించేవాళ్లు, పని వాళ్ల చేతిలోనే ఉండేది. 1560లు వచ్చేసరికి ఆ మంచి రాయి అయిపోవస్తోంది. అప్పుడు టోలెడో పాదరసం పద్ధతి తెప్పించాడు. నాసిరకం రాయిని పిండి చేసి, ఉప్పు, వాంకావెలికా గనుల పాదరసం కలిపి వెండి తీయడం. దీనికి రాయి గుట్టలకొద్దీ కావాలి, అంటే మనుషులు వేలల్లో కావాలి. అందుకని పదహారు జిల్లాల నుంచి మగవాళ్లలో ఏడో వంతు, ఏడాదికి దాదాపు 13,500 మందిని పంపమన్నాడు.

జీతం ఉంది, గనిలో రోజుకు మూడున్నర రియాళ్లు, అంటే స్పానిష్ వెండి నాణేలు. పొటోసీ ధరల్లో అది ఎటూ చాలదు. దూరపు జిల్లాల వాళ్లు పెళ్లాం పిల్లలతో, లామాలు అనే బరువులు మోసే జంతువుల మీద తిండి వేసుకుని, రెండు నెలలు నడిచి వచ్చేవాళ్లు. చాలామంది వెనక్కి వెళ్లలేదు. కొందరు చచ్చిపోయారు, కొందరు లెక్కలో పేరు లేని చోటికి పారిపోయారు. ఊళ్లో జనం తగ్గినా వంతు అంత త్వరగా తగ్గేది కాదు, మిగిలినవాళ్ల మీదే పడేది. ఇక వెండి మాత్రం ప్రపంచమంతా తిరిగింది. డచ్చి, ఇంగ్లిషు ఓడల్లో స్పానిష్ రియాళ్లు మన మచిలీపట్నం దాకా వచ్చాయి.

1777లో తింతా జిల్లా కురాకా, అంటే స్థానిక పెద్ద, హోసే గాబ్రియెల్, మా ఊళ్లను పొటోసీ వంతు నుంచి తప్పించండి అని అర్జీ పట్టుకుని లిమాకు వెళ్లాడు. ఒప్పుకోలేదు. 1780లో తిరగబడ్డాడు, టోలెడో తల తీయించిన టుపాక్ అమారు తన పూర్వీకుడని చెప్పి ఆ పేరే పెట్టుకున్నాడు. 1781 మేలో అదే కుస్కో మైదానంలో ఆయన్నీ చంపారు. మీతాను రద్దు చేసింది 1812లో, టోలెడో పెరూ వదిలి వెళ్లిన 231 ఏళ్లకు.