రాళ్లకు మొక్కొద్దన్న చర్చి రాళ్ల మీదే ఎందుకు లేచింది?

స్పెయిన్ ఉత్తరాన, అస్టూరియాస్ ప్రాంతంలో కాంగాస్ డి ఓనిస్ అనే చిన్న ఊరుంది. కోవడోంగా గుహలోని మరియమాత దర్శనానికి వెళ్లేవాళ్లు ఈ ఊరి మీదుగానే వెళ్తారు. ఇక్కడి శాంతా క్రూజ్ చర్చిలో నేల మధ్య పెద్ద గొయ్యి ఉంటుంది. తొంగిచూస్తే నిలువుగా పాతిన రాతి పలకలు, వాటి మీద వంకర టింకర గీతలు కనిపిస్తాయి. అది ఐదారు వేల ఏళ్ల నాటి సమాధి. మన పల్లెల్లో రాక్షస గుళ్లు అంటామే, ఆ తరహా కట్టడం. 737లో ఫవీలా రాజు, రాణి ఫ్రోయిలియూబా సరిగ్గా ఈ సమాధి దిబ్బ మీదే చర్చి కట్టించారు.

అంతకుముందు చర్చి పెద్దల మాట వేరుగా ఉండేది. 570ల్లో, ఇప్పటి పోర్చుగల్‌లోని బ్రాగా బిషప్ మార్టిన్ పల్లె జనం కోసం రాసిన ప్రసంగంలో రాళ్ల దగ్గర, చెట్ల కింద, ఊటల దగ్గర, దారులు కలిసేచోట దీపాలు పెట్టడం సైతాను కొలుపే అన్నాడు. 681లో స్పెయిన్‌లోని టొలెడోలో జరిగిన బిషప్‌ల మహాసభ కూడా రాళ్లను కొలిచేవాళ్లను తప్పుపట్టింది. వందేళ్ల తర్వాత కూడా అదే మాట చెప్పాల్సి వచ్చిందంటే జనం మానలేదన్నమాటే.

రెండో దారి కూడా అప్పటికే ఉంది. 601లో పోప్ గ్రెగరీ మతప్రచారానికి ఇంగ్లాండ్ వెళ్తున్న మెలిటస్‌కు ఉత్తరం రాశాడు: గుళ్లు కూల్చకండి, విగ్రహాలు తీసేయండి, పవిత్ర జలం చల్లి బలిపీఠం పెట్టండి, అలవాటైన చోటికే జనం వస్తారు.

అంతమాత్రాన కాంగాస్‌లో పాత పూజ తెగకుండా సాగి చర్చిలో కలిసిపోయిందనడం తొందరపాటు. సమాధికీ చర్చికీ మధ్య దాదాపు నాలుగు వేల ఏళ్లు! నాకు తోచేది ఇది: ఫవీలా తండ్రి పెలాయో కోవడోంగాలో ముస్లిం సేనల మీద గెలిచి రాజ్యం నిలబెట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. కొత్త వంశానికి పాత నేల అండ కావాలి. పెలాయో యుద్ధంలో పట్టుకున్న ఓక్ శిలువను ఈ చర్చిలోనే ఉంచారని అక్కడి నమ్మకం. 1936లో అంతర్యుద్ధంలో చర్చి నేలమట్టమైంది. తిరిగి కట్టినప్పుడు సమాధి కనిపించేలా వదిలారు.

స్పెయిన్ వాయవ్యాన గలీసియా తీరంలోని ముషియాలో మాత్రం రాళ్లకు మొక్కు ఇప్పటికీ బాహాటమే. క్రీస్తు శిష్యుడు యాకోబు సమాధి ఉందని నమ్మే శాంటియాగో చేరాక కూడా ఆగని యాత్రికులు కొందరు ఇక్కడిదాకా నడుస్తారు. ఈ బండలు మనుషులు నిలబెట్టినవి కావు, సముద్రం మలిచినవి. యాకోబుకు ధైర్యం చెప్పడానికి మరియమాత రాతి పడవలో వచ్చిందనీ, ఈ బండలు ఆ పడవ ముక్కలేననీ స్థలపురాణం. ఆ పడవ తెరచాప అని చెప్పే వంగిన బండ కింద నడుము నొప్పి, కిడ్నీ బాధలున్నవాళ్లు తొమ్మిదిసార్లు దూరతారు. మార్టిన్ బిషప్ చూస్తే ఊరుకునేవాడు కాదు. పక్కనున్న చర్చి 2013 క్రిస్మస్ రోజున కాలిపోతే బాగుచేసి తెరిచారు. సెప్టెంబర్ జాతరకు వచ్చే జనం చర్చిలో మొక్కుకుంటారు, బండ కిందా దూరతారు.