సొరచేప గుడ్డు పెట్టాక ఏం చేయాలి?

ప్రియమైన పిల్లలూ,

అక్వేరియంలో సొరచేపల్ని పెంచి, వాటికి పిల్లల్ని పుట్టించవచ్చా అని అడిగారు. పుట్టించవచ్చు. అయితే ఏ సొరను అన్నది ముందు తేల్చుకోవాలి. మంచినీటి తొట్టెల్లో రెడ్ టెయిల్ షార్క్, బాలా షార్క్ అని అమ్మేవి అసలు సొరలే కావు, అవి కార్ప్ చేపలకు చుట్టాలు. నిజమైన సొరల్లో తొట్టెకు సరిపడేవి అడుగున పాకుతూ తిరిగే ఉప్పునీటి రకాలు: గోధుమచారల బాంబూ సొర, తెల్లచుక్కల బాంబూ సొర, ఎపాలెట్ సొర, కోరల్ క్యాట్ సొర. ఇవన్నీ గుడ్లు పెట్టేవే.

చిన్న రకాలు అంటున్నా, బాంబూ సొర పెద్దదయ్యాక దాదాపు మీటరు పొడవుంటుంది. తొట్టె కనీసం రెండున్నర మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అంటే 1,800 లీటర్లు. నీటి బరువే 1,800 కిలోల పైమాట కాబట్టి నేల తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. ఎత్తు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే సొర ఒంటిని గోడకు రాసుకోకుండా వెనక్కి తిరగగలగాలి. అడుగున మెత్తని ఇసుక వేయండి, గరుకు రాళ్లు పొట్ట చర్మాన్ని గీరేస్తాయి. రాళ్లు పేర్చాలనుకుంటే ఇసుక మీద కాదు, తొట్టె అడుగు మీదే నిలబెట్టాలి. సొర కింద తవ్విందంటే పైవి కూలతాయి.

నీటి వేడి 24 నుంచి 26 డిగ్రీలు, ఉప్పునీటి సాంద్రత (మంచినీటితో పోలిస్తే ఎంత బరువో చెప్పే అంకె) 1.024 దగ్గర ఉంచండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ పరీక్షలో సున్నా చూపించాలి. కొత్త ఫిల్టర్‌లో వాటిని మార్చేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతవరకు సొరను తేవద్దు. మామూలు చేపల చుక్కల జబ్బుకు వాడే రాగి మందు సొరలకు విషం. ఇత్తడి గొట్టాల నుంచి కూడా రాగి నీళ్లలోకి దిగుతుంది. ఉప్పునీటి చేపలకు పురుగులు వదిలించడానికి మంచినీళ్లలో ముంచుతారు చూడండి, ఆ పని సొరకు చేయకండి. సొర తన రక్తంలో యూరియా నిల్వ ఉంచుకుని సముద్రపు ఉప్పుతో సమానంగా నిలబడుతుంది. ఉన్నట్టుండి ఉప్పు తగ్గితే నీరు ఒంట్లోకి చొరబడి ఆ లెక్క తప్పుతుంది.

మగదాన్ని గుర్తుపట్టడం సులువు. పొట్ట కింది రెక్కల దగ్గర వేళ్లలాంటి రెండు కాడలు ఉంటాయి. అవి పొడుగై గట్టిపడితే ఈడు వచ్చినట్టు. జతకట్టేటప్పుడు మగది ఆడదాని ఛాతీ రెక్కను కొరికి పట్టుకుంటుంది. అందుకే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండటం మేలు, లేకపోతే ఒక్కదాని రెక్కే చిరుగుతూ ఉంటుంది. పుండు పడితే మానేదాకా ఆడదాన్ని వేరుగా ఉంచండి.

తిండి బాగుంటే గుడ్లు పెట్టించడానికి మీరు చేయాల్సింది ఏమీ ఉండదు. అసలు పని ఆ తరవాతే మొదలవుతుంది. ఆడది గుడ్లను జతలుగా పెడుతుంది. ఒక్కో గుడ్డు అరచేతి పొడవున, ముదురు గోధుమరంగు తోలుసంచిలా ఉంటుంది. అంచుల్లో ఉండే పీచుతో అది దేనికైనా అతుక్కుంటుంది. పెద్ద చేపలు నమిలేయకుండా దాన్ని చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో పెట్టి అదే నీళ్లలో వేలాడదీయండి. బుట్టలోకి నీరు మెల్లగా ప్రవహిస్తుండాలి. గుడ్డును నీటిలోంచి పైకి తీయవద్దు. గిన్నెతో నీళ్లతో సహా ముంచి మార్చండి. లోపల గాలి బుడగ చిక్కితే పిల్లకు ప్రమాదం. ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉంచండి.

మూడు నాలుగు వారాలయ్యాక చీకట్లో, నీటిలోనే, గుడ్డు వెనక చిన్న టార్చి పెట్టి చూడండి. పచ్చసొన మీద దారప్పోగులాంటిది మెలికలు తిరుగుతుంటే అదే సొరపిల్ల. ఏమీ కనబడకపోయినా ఆరు వారాలు ఆగండి. సొన చెదిరి మసకబారితేనే తీసెయ్యండి, కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది. కొన్ని వారాల తరవాత సంచి అంచుల్లో సన్నని చీలికలు తెరుచుకుంటాయి. పిల్ల తోక ఆడిస్తూ వాటి గుండా నీటిని లోపలికీ బయటికీ తోసుకుంటుంది. పాచి, మడ్డి పట్టి చీలికలు మూసుకుపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి వారానికోసారి మెత్తని కుంచెతో అంచులు తుడవండి. టార్చి వేయగానే పిల్ల కదలడం ఆపితే భయపడకండి. బాంబూ సొరపిల్లలు గుడ్డులో ఉండగానే శత్రువు ఒంట్లోని విద్యుత్తు లాంటిదాన్ని పసిగట్టి మొప్పలాడించడం ఆపేస్తాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 2013లో చూపించారు. ఎంత చిన్న ప్రాణి, ఎంత జాగ్రత్త!

పొదిగేందుకు నాలుగైదు నెలలు పడుతుంది. త్వరపెట్టాలని హీటర్ పెంచకండి. ఎపాలెట్ సొర గుడ్లు 27 డిగ్రీల దగ్గర సుమారు 125 రోజులకు, 31 డిగ్రీల దగ్గర సుమారు 100 రోజులకు పొదిగాయని 2021లో వచ్చిన పరిశోధన చెబుతోంది. వేడిలో పుట్టినవి చిన్నగా, నీరసంగా ఉన్నాయి. గడువు దాటిందని సంచిని కత్తిరించి పిల్లను బయటికి లాగడం అంతకంటే పెద్ద తప్పు. పొట్టకు ఇంకా సొన వేలాడుతుంటే అది చిట్లి చనిపోతుంది.

పుట్టిన పిల్ల 13 నుంచి 17 సెంటీమీటర్లు ఉంటుంది. లోపల మిగిలిన సొన మీద బతుకుతుంది కాబట్టి మొదటి వారం తిండి ముట్టకపోయినా, ఒక్కోసారి రెండు వారాల దాకా ఆగినా కంగారుపడకండి. మూడో రోజు నుంచి రాత్రిపూట, దీపాలు ఆర్పాక, దాని రెండు కళ్ల మధ్య దూరమంత రొయ్య ముక్కనో స్క్విడ్ ముక్కనో పటకారుతో మూతి దగ్గర పెట్టి చూడండి. తినకపోతే చిన్న బతికున్న రొయ్యను వదలండి, అది కదలడంతో వేట మొదలవుతుంది. గంటలో మిగిలింది తీసెయ్యండి. తల వెనక గుంట పడుతుంటే ఆకలితో చిక్కిపోతున్నట్టు. తినడం మొదలయ్యాక ఒకే తిండి పెట్టకుండా చేప, రొయ్య, స్క్విడ్ మార్చి మార్చి పెట్టి, వాటిలో సొరల విటమిన్ మాత్ర దాచండి. అయోడిన్ తక్కువైతే గొంతు కింద గడ్డలా వాపు వస్తుంది. నైట్రేట్ (ఫిల్టర్ బ్యాక్టీరియా చివరికి మిగిల్చే వ్యర్థం) పేరుకున్న నీటిలో ఆ వాపు ఇంకా తొందరగా వస్తుంది, అందుకే నీటి మార్పిడి మానకూడదు.

పుట్టినవన్నీ మీటరు దాకా పెరుగుతాయి. వాటికి చోటెక్కడో గుడ్డు పడకముందే ఆలోచించాలి. మగదాన్ని విడదీస్తే గుడ్లు ఆగుతాయనుకోకండి, ఆడది వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలదు. మగవాటికి దూరంగా 45 నెలలు ఉన్న ఒక బాంబూ సొర పెట్టిన గుడ్డు నుంచి పిల్ల పుట్టిందని 2015లో నమోదైంది. అందువల్ల ఎన్ని పిల్లలకు చోటుందో అన్ని గుడ్లే బుట్టలో పెట్టండి. మిగిలినవాటిని, పిల్ల రూపం కట్టకముందే, పెట్టిన మొదటి రోజుల్లోనే తీసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఏ రోజున పెట్టిన గుడ్డో బుట్ట మీద రాసి ఉంచుకుంటే ఇది తేలికవుతుంది.

ప్రేమతో,
మీ తాతయ్య